కంప్యూటరు బొమ్మ చూపు ఎటు?

ఎదుటి మనిషి మనలను చూచుచున్నాడా, మన భుజము మీదుగా వెనుకనున్న గోడను చూచుచున్నాడా అను సంగతి తెలిసికొనుటకు మనకు క్షణకాలము చాలును. ఇది ఎవరును నేర్పని విద్య. పుట్టి 2 మొదలు 5 దినములైన శిశువుల యెదుట రెండు ముఖములనుంచి, ఒకటి వారిని చూచుచున్నట్లును, మరియొకటి ప్రక్కకు చూచుచున్నట్లును చూపినప్పుడు, తమను చూచు ముఖమునే శిశువులు ఎక్కువసేపు చూచిరని 2002లో ఫారొని మొదలగు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఏడాది నిండునప్పటికి బిడ్డ తల్లి చూచిన దిక్కునకే తానును చూచును. తల్లి దేనిని చూచుచు ఒక మాట పలికెనో, ఆ మాట ఆ వస్తువునకు పేరని గ్రహించుటకు ఆ చూపు చాల తోడ్పడును.

ఇట్టి నేర్పు గల కన్నును మోసగించుట సులభము కాదు. నేడు కంప్యూటరుతో తయారగు మానవాకృతులలో చర్మము, జుట్టు, నూలుబట్ట ముడుతలు నిజమైనవేమో అనునంతగా కుదురుచున్నవి. అయినను ఆ బొమ్మ తలయెత్తి మనవైపు చూడగానే ఏదియో లోపమున్నదని మనస్సునకు తోచును. ఆ లోపము చాల తావుల చూపులోనే కలదు. ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. ఇట్టి బొమ్మలు పాఠములలోనికి ప్రవేశించినవి. తెరమీది ఉపాధ్యాయుడు వ్రేలితో గుండె పటమును చూపుచు, కన్నులతో మరెక్కడనో చూచినచో పిల్లవాడు వ్రేలిని నమ్మవలెనా, కన్నును నమ్మవలెనా? అందుచేత ఈ బొమ్మల చూపు ఎందుకు తప్పుచున్నదో, ఎక్కడ కుదిరినదో పరిశీలించుట అవసరము.

గురి సరిగానే యున్నది, చూపు తప్పినది

ఉదాహరణకు, మంచిర్యాల జిల్లాలోని మందమర్రిలో ఒక విద్యార్థి పాఠశాల ప్రదర్శనము కొరకు బొగ్గుబాయి కార్మికుని బొమ్మ నొకదానిని కంప్యూటరుపై తయారు చేయదలచినా డనుకొందము. కల్యాణిఖని గనుల నడుమ పెరిగిన బాలునకు ఇంతకంటె తెలిసిన మనిషి యుండడు. పనికి దిగిన కార్మికుడు తన తలపైనున్న కప్పు పదిలముగా నున్నదో లేదో చూచుచున్నాడు: ఇది బొమ్మలో చూపవలసిన విషయము. బ్లెండర్ అను సాధనము 2002 నుండి అందరికిని ఉచితముగా లభించుచున్నది గనుక ఖర్చు అడ్డము రాదు.

ఇట్టి సాధనములన్నిటిలోను కంటిని ఒక వస్తువునకు గురిపెట్టు ఆజ్ఞ యొకటి యుండును. పోజర్, డాజ్ స్టూడియోలలో దానిని ‘పాయింట్ ఎట్’ అందురు. బ్లెండరులో ‘డ్యాంప్డ్ ట్రాక్’ అను నియమము ఈ పనిని చేయును. కనుగ్రుడ్డు నడిమి బిందువునుండి కనుపాప నడిమి బిందువు గుండ పోవు గీత ఆ వస్తువును తాకునట్లు యంత్రము కంటిని త్రిప్పును. యంత్రపు లెక్కలో రవంతయు తప్పుండదు. కాని బొమ్మను చూచినవారు, “వీనికి కొంచెము మెల్లకన్ను వలె నున్నదే” అందురు.

తప్పు లెక్కలో లేదు, కన్నును గూర్చిన మన ఊహలో నున్నది. కంటి వెనుకనున్న రెటినా యంతటను చూపు సమానముగా నుండదు. స్పష్టమైన చూపు ‘పచ్చచుక్క’ అను చిన్న తావుననే కలదు. ఈ పచ్చచుక్క కనుపాపకు సరిగా వెనుక నుండదు, కణత వైపునకు కొంత జరిగి యుండును. కాబట్టి మనము చూచు వస్తువునుండి పచ్చచుక్కకు పోవు చూపురేఖయు, కనుపాప నడిమి గుండ పోవు రేఖయు ఒకటి కావు. ఈ రెంటి నడుమ సుమారు 5 డిగ్రీల కోణముండును. అది మనిషి మనిషికి కొంత మారును. మనిషి మనలను సూటిగా చూచునప్పుడు అతని కనుపాపలు నిజమునకు కొంచెము వెలుపలకు, అనగా చెవులవైపునకు, తిరిగి యుండునన్నమాట. మనము పుట్టినది మొదలు చూచుచున్న మానవుల చూపు ఇట్టిదే. దానినే ‘సూటి చూపు’ అని నేర్చుకొంటిమి. యంత్రము కనుపాపలను సరిగ్గా గురిపెట్టగానే అవి రెండును మనకు అలవాటైన దానికంటె లోపలికి తిరిగినట్లు కనబడును.

దీనిని విద్యార్థులు తామే పరీక్షింపవచ్చును. స్నేహితుని సెల్‌ఫోను కెమెరా కటకమునే చూడుమని చెప్పి, ఫ్లాషు వెలిగించి ఫొటో తీయుడు. ఫ్లాషు కటకము ప్రక్కనే యుండును. కంటిలో మెరయు చిన్న వెలుగుచుక్క, చాలమందిలో, కనుపాపకు నట్టనడుమ గాక కొంచెము ముక్కువైపునకు కనబడును. ఇందుకు లేజరును గాని, బలమైన టార్చిని గాని వాడరాదు.

5 డిగ్రీలనగా ఎంత? కనుగ్రుడ్డు అడ్డుకొలత సుమారు 24 మిల్లీమీటర్లు. అది 5 డిగ్రీలు తిరిగినచో నల్లగుడ్డు ఒక మిల్లీమీటరు మాత్రమే జరుగును. ఇంత చిన్న తేడా ఎవరికి కనబడునని సందేహింపనక్కరలేదు. 2 మీటర్ల దూరమున కూర్చున్న మనిషి చూపు సుమారు 3 డిగ్రీలు తొలగినను చూచువారు కనిపెట్టగలరని గిబ్సన్, పిక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1963లో ప్రయోగపూర్వకముగా చూపిరి. అప్పుడు నల్లగుడ్డు జరిగినది మిల్లీమీటరులో మూడింట రెండు వంతులకు మించదు. నల్లగుడ్డు చుట్టును తెల్లగుడ్డు అంత బాగుగా కనబడుటచేతనే మనకీ సూక్ష్మము సాధ్యమగుచున్నది. మానవుని కంటిలో తెల్లని భాగము ఇతర వానరజాతులలో కంటె చాల ఎక్కువగా బయటికి కనబడునని జపాను శాస్త్రజ్ఞులు కొబయాషి, కొషిమా 1997లో తెలిపిరి. కొన్ని చింపాంజీలకును తెల్లగుడ్డు కలదని తరువాత తేలినది గాని, ఈ తెలుపు నలుపుల భేదము చూపును చదువుటకు తోడ్పడునను మాట నిలిచియే యున్నది.

దూరము, రెప్ప, తల

రెండవ తప్పు దూరమునకు సంబంధించినది. మన రెండు కనుపాపల నడుమ దూరము సుమారు 63 మిల్లీమీటర్లు. చూచు వస్తువు 3 మీటర్ల దూరమున నున్నచో ఒక్కొక్క కన్ను లోపలికి అర డిగ్రీకి కొంచెము మించి తిరుగును. 1 మీటరు దూరమునకు 1.8 డిగ్రీలు, 30 సెంటీమీటర్లకు 6 డిగ్రీలు తిరుగవలెను. అందుచేత రెండు కన్నులను చూచినంతనే ఆ మనిషి చేతిలోని కాగితమును చదువుచున్నాడా, ఎదుటి కొండను చూచుచున్నాడా అనునది మనకు తెలియును. చాల బొమ్మలలో రెండు కన్నులును సమాంతరముగా నుంచుదురు. అట్టి బొమ్మ చేతిలోని పువ్వును చూచుచున్నదని వ్రాసియున్నను, దాని చూపు పువ్వును దాటి ఆకాశమున కలియును. పరధ్యానములో నున్న మనిషి చూపు ఇట్టిదే. “ఈ బొమ్మలో జీవము లేదు” అని మనమనునపుడు పెక్కు తావుల కొరత పడినది జీవము కాదు, ఈ కొన్ని డిగ్రీల కోణమే.

మూడవది రెప్ప. మనిషి క్రిందికి చూచునపుడు పైరెప్ప కనుగ్రుడ్డుతో కూడ దిగును, పైకి చూచునపుడు లేచును. గ్రుడ్డును మాత్రము క్రిందికి త్రిప్పి రెప్పను ఉన్నచోటనే విడిచినచో నల్లగుడ్డుపైన తెలుపు కనబడును. ఆ తెలుపు భయమునకు గుర్తు. పాదముల దగ్గరి పనిముట్టును నెమ్మదిగా వెదకుకొనుచున్న కార్మికుడు ఈ యొక్క లోపముచేత పామును చూచినవాని వలె కనబడును.

నాలుగవది తల. ఇంగ్లండులో వొలాస్టన్ అను శాస్త్రజ్ఞుడు 1824లో రాయల్ సొసైటీ పత్రికలో ఒక వింతను ప్రకటించెను. లారెన్స్ అను ప్రసిద్ధ చిత్రకారుడు వేసిన ముఖములలో కన్నులను మార్చక, వాటి క్రింద ముక్కును, ముఖమును మరొక వైపునకు తిరిగినట్లు అమర్చగా, అవే కన్నులు మరొక దిక్కునకు చూచుచున్నట్లు కనబడినవి. దీనినిబట్టి మనము కంటిని విడిగా చదువుట లేదనియు, కన్నును తలను కలిపి చదువుచున్నామనియు తేలినది. నిజజీవితములో ప్రక్కనున్న వస్తువు కొద్ది డిగ్రీల దూరమున నున్నచో కన్నులు మాత్రమే కదలును. దూరము పెరిగినకొలది తలయు కలిసివచ్చును. కన్ను ముందుగా దుమికి వస్తువును పట్టుకొనును. తల వెనుకనుండి వచ్చి చేరునప్పటికి కన్ను మెల్లగా తన నడిమి స్థానమునకు మరలును. 10 డిగ్రీల దుముకునకు కంటికి సెకనులో ఇరువదవ వంతు చాలును. తలకు అంతకంటె చాల ఎక్కువ కాలము పట్టును. రెండింటిని ఒక్కసారిగ, ఒకే వేగముతో త్రిప్పిన బొమ్మ మరబొమ్మ వలె కనబడుటకు కారణమిదియే.

తెరమీది ఉదాహరణములు

ఈ లెక్కలతో కొన్ని చిత్రములను చూతము. 2004లో విడుదలయిన అమెరికా చిత్రము ‘ది పోలార్ ఎక్స్‌ప్రెస్’ నటుల కదలికలను యంత్రములతో గ్రహించి తయారు చేయబడినది. నటుని ముఖముపై గుర్తులంటించవచ్చును గాని కనుగ్రుడ్డుపై అంటించలేము. కావున ముఖములోని కదలిక నటునిది, చూపు మాత్రము వేరొకరు తరువాత కూర్చినది. ఆ పాత్రల కన్నులలో జీవము లేదని విమర్శకులు పలువురు వ్రాసిరి. అదే దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ 2007లో తీసిన ‘బేవుల్ఫ్’లో నటుల కన్నుల చుట్టును ఎలక్ట్రోడులనమర్చి కంటి కదలికలను గూడ గ్రహించిరి. కంటి ముందుభాగమునకును వెనుకభాగమునకును నడుమ స్వల్పమైన విద్యుత్పీడన భేదముండును. కన్ను తిరిగినప్పుడు చుట్టునున్న చర్మముపై ఆ పీడనము మారును. ఆ మార్పునుబట్టి కన్నెటు తిరిగినదో చెప్పవచ్చును. వైద్యులెరిగిన ఈ పద్ధతి చిత్రకళకు తోడైనది.

మన దక్షిణదేశమున ఇట్టి ప్రయత్నము 2014లో వచ్చిన ‘కొచ్చడయాన్’. తెలుగువారు దానిని ‘విక్రమసింహ’గా చూచిరి. ఈ మార్గమున మనవారు వేసిన తొలి అడుగులలో నొకటిగా అది గౌరవింపదగినదే. అయినను అందులో ఇద్దరు మాటాడుకొనునపుడు పెక్కు తావుల వారి చూపులు ఒకదానితో నొకటి కలియక, నడుమనున్న గాలిలో నిలిచినట్లు తోచును. రజనీకాంత్ అభినయములో చూపునకు గల స్థానమెట్టిదో ఎరిగిన ప్రేక్షకులకు ఈ కొరత మరింత బాధించినది.

దీనికి రెండేండ్ల ముందు, 2012లో వచ్చిన రాజమౌళి చిత్రము ‘ఈగ’ మనకు మంచి పాఠము చెప్పగలదు. హైదరాబాదులోని మకుట సంస్థ అందలి ఈగను రూపొందించెను. ఆ యేటి జాతీయ బహుమానములలో ఉత్తమ తెలుగు చిత్రముగాను, ఉత్తమ ప్రత్యేక దృశ్యములకును దానికి గౌరవము లభించెను. ఈగకు కనుపాప లేదు, తెల్లగుడ్డు లేదు, రెప్ప లేదు. వేలకొలది చిన్న కన్నులు చేరిన సంయుక్త నేత్రములు తలకు అతుకుకొనియుండును. మనము చూపును చదువుటకు వాడు గుర్తులలో ఒక్కటియు లేదు. అయినను ఆ ఈగ ఎవరిని చూచుచున్నదో, ఎవరిపై పగబట్టినదో ఊరిలోని పసిబిడ్డకును తెలిసినది. తల త్రిప్పుటలోను, ముందుకాళ్ల కదలికలోను, శరీరము వస్తువునకు ఎదురుగా నిలుచుటలోను చూపంతయు ఇమిడినది. చూపనునది కనుపాపలో మాత్రమే యున్నదనుకొనువారికి ఇంతకంటె గట్టి సమాధానము లేదు.

అదే చిత్రములో మరియొక విశేషము కలదు. ప్రతినాయకుడుగా నటించిన సుదీప్ యెదుట చిత్రీకరణ సమయమున నిజమైన ఈగ లేదు. లేని ఈగను అతడు చూడవలెను. ఈగ 30 సెంటీమీటర్ల దూరమున నున్నదనిన కన్నులు రెండును కలిసి 12 డిగ్రీలు దగ్గరకు రావలెను. గోడమీద నున్నదనిన అవి విడిపోవలెను. అతని చూపు గాలిలో ఒక చోట నిలిచి, అచ్చట ఈగ యున్నదని మనచేత నమ్మించినది. అందులో సగము ప్రతిభ నటునిది, సగము ఆ చూపు కొనకే ఈగను తెచ్చి నిలిపిన శిల్పులది. యంత్రము చేసిన ఈగకు ప్రాణము పోసినది మనిషి కంటిలోని నిజమైన కోణమని చెప్పినచో అతిశయోక్తి కాదు.

నిజమనునది నిజమునకు లోబడవలెను

బొమ్మలకు ఇంత లెక్క అవసరమా అని కొందరడుగవచ్చును. మన తోలుబొమ్మలలో ముఖము ప్రక్కకు తిరిగియుండును, కన్ను మాత్రము ఎదురుగా చూచునట్లు పెద్దదిగా నుండును. నిర్మల్ కొయ్యబొమ్మల కన్ను రెండు కుంచె గీతలే. వాటిని చూచి ఎవరును తప్పుపట్టరు. ఈ ఆక్షేపణలో న్యాయమున్నది. అవి తాము మనుషులమని చెప్పుకొనవు. వాటి కన్ను ఒక సంకేతము, ఆ సంకేతము మనకు తరతరములుగా తెలియును. కాని చర్మముపై రంధ్రములను గూడ లెక్కబెట్టి చూపు కంప్యూటరు బొమ్మ తాను నిజమని చెప్పుకొనుచున్నది. అట్టి బొమ్మను నిజపు కొలతతోనే కొలువవలసివచ్చును.

నిర్మల్ బొమ్మకును తెరమీది బొమ్మకును మరొక భేదము కలదు. కొయ్యబొమ్మను బల్లపైనుంచి మనము ప్రక్కకు జరిగినచో దాని చూపు మనలను విడిచిపోవును. కంప్యూటరులోని ఆకృతియు లెక్కప్రకారము ఘనమైనదే గాని, రెండరింగు పూర్తికాగానే అది చదునైన పటమగును. పటములో నల్లగుడ్డునకును రెప్పలకును గల సంబంధము మనమెక్కడ నిలిచినను మారదు. కావున కెమెరావైపు చూచు బొమ్మ తరగతిలోని 40 మందిని ఒకేసారి చూచుచున్నట్లుండును, ప్రక్కకు చూచు బొమ్మ ఒక్కరినైనను చూడదు. పాఠములను తయారుచేయువారు దీనిని గుర్తుంచుకొనవలెను. పిల్లలతో మాటాడునపుడు బొమ్మ కెమెరాను చూడవలెను, వస్తువును చూపునపుడు తలతోను కన్నులతోను ఆ వస్తువునే చూడవలెను.

ఇక మన కార్మికుని సంగతి. బాయిలో పనిచేయువాని టోపీకి దీపముండును. చీకటిలో ఆ దీపపు వెలుగు పడినచోటే కంటికి కనబడును. ఆ వెలుగు తల తిరిగిన వైపునకు పోవునే గాని కన్ను తిరిగిన వైపునకు పోదు. కావున బయట ఎండలో కంటికొనలతో చూడగల మనిషియైనను బాయిలో తలనే త్రిప్పి చూడవలసియుండును. విద్యార్థి తన బొమ్మలో కన్నులను మాత్రము పైకి త్రిప్పి తలను నిటారుగా నుంచినచో ఏమగును? దీపము ఎదుటి గోడను వెలిగించును, కన్నులు చీకటిని చూచును. చూచుటకు అందముగానున్న ఆ బొమ్మ పైకప్పును పరీక్షించుట లేదు, పరీక్షించుచున్నట్లు నటించుచున్నది. పైకప్పు కూలి ప్రాణములు పోవు ప్రమాదముగల పనిలో జాగ్రత్తను బోధించు బొమ్మ ఇట్లుండరాదు. కావున ఈ కార్మికుని చూపులో అధికభాగమును తలకే ఈయవలెను, కన్నులను నడిమి స్థానమునకు దగ్గరగా నుంచవలెను. ఈ ఒక్క విషయములో బాయి కార్మికుడు ‘ఈగ’ చిత్రములోని ఈగవంటివాడే.

తక్కిన పని కష్టము కాదు. ఒక్కొక్క కనుగ్రుడ్డును దాని గురిరేఖనుండి నాలుగైదు డిగ్రీలు వెలుపలకు జరిపి స్థిరపరుపవలెను. గురి వస్తువును కన్నులకెదురుగా ఊరక ఎక్కడనో గాక, చూడవలసిన వస్తువు ఉన్న దూరముననే ఉంచవలెను. రెప్పలను గ్రుడ్డు కదలికకు ముడివేయవలెను. కదిలించునప్పుడు కన్ను ముందు, తల వెనుక అను నియమమును పాటింపవలెను. చివరకు బొమ్మను తయారుచేసినవాడు గాక, దానినెరుగని మరియొకడు చూచి, “ఇతడు దేనిని చూచుచున్నాడు?” అను ప్రశ్నకు జవాబు చెప్పవలెను. జవాబు సరియైనచో బొమ్మ కుదిరినది. కాకున్నచో కొలతలను సరిచూచుకొనుట కంటె ముందు, ప్రక్క బల్లపై కూర్చున్న స్నేహితుని కన్నులను కొంతసేపు చూచుట మేలు. యంత్రమునకు తెలియని ఐదు డిగ్రీలును అచ్చట ఉచితముగా దొరకును.